సబ్‌స్టేషన్ మారుస్తున్నారా? కరెంటు తిరిగి వచ్చే వేళ కాస్త జాగ్రత్త

ఊరి 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో పాత ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్లు తీసేసి కొత్తవి పెడుతున్నారనగానే అందరూ అడిగేది కరెంటు ఎన్ని గంటలు ఉండదని. లైన్ల మీద పనిచేసినవాడిగా నా భయం వేరు. ఉక్కపోత కొన్ని గంటలే. మోటార్లు కాలిపోయేదీ, మనుషులు పోయేదీ ఎక్కువగా సరఫరాను అటూ ఇటూ మార్చే సమయంలోనే.

ఇలాంటి పనికి రబీ కోతలయ్యాక, ఖరీఫ్ నారుమళ్లు పోయకముందు ఉండే వ్యవధి మంచిదని నా లెక్క. బోర్ల లోడు తగ్గుతుంది, వానలు ఇంకా రావు. ఇళ్లలో మాత్రం ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు తిరిగే రోజులవి. అందుకే చాలాచోట్ల పని జరిగినన్నాళ్లూ పక్క సబ్‌స్టేషన్ నుంచి సరఫరా ఇస్తారు. కరెంటు అంత దూరం నుంచి రావాలి కాబట్టి లైను చివరి ఊళ్లకు వోల్టేజీ పడిపోతుంది. తక్కువ వోల్టేజీలో మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వైండింగ్ కాలుస్తుంది. లైటు మసకగా వెలుగుతున్నప్పుడు బోరు వేయకండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులు వంతులు వేసుకోవడం మేలు. ఆటో స్టార్టర్లు తప్పకుండా తీసేయండి. అవి ఉంటే కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తాయి, ఆ దెబ్బకు ఫ్యూజులు ఎగిరిపోతాయి.

అలా ఫ్యూజు పోయిందని మీరే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కకండి. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనును విడదీసే స్విచ్) లాగాం కదా అనుకుంటారు. మూడు బ్లేడ్లలో ఒకటి సరిగా విడిపోకపోయినా ప్రాణం పోతుంది. కరెంటు లేదు కదా అని వేపకొమ్మలు కొట్టడం కూడా ఇలాంటి పొరపాటే. పరీక్ష కోసం లైనును ఏ నిమిషంలోనైనా చార్జ్ చేస్తారు, అంటే కరెంటు వదులుతారు, మీకు ఎవరూ చెప్పరు. లైను మీద పని చేయాలంటే లైన్‌మన్ కూడా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపేశామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకుని, లైనుకు ఎర్త్ కట్టాకే చేయి పెట్టాలి.

ఆ లైన్‌మన్ ప్రాణం మన జనరేటర్ చేతిలో కూడా ఉంటుంది. బయటి కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా చూసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వైరును ఇంటి ప్లగ్గులో గుచ్చితే ఆ కరెంటు సర్వీసు వైరు గుండా వెనక్కి వెళ్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులుగా మార్చి, చచ్చిందనుకున్న లైనులోకి పంపుతుంది. ఫంక్షన్ హాళ్లవాళ్లు, దుకాణాలవాళ్లు ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించుకోవాలి.

కోళ్ల షెడ్లు, రొయ్యల చెరువులు ఉన్నవాళ్లు జనరేటర్‌ను ఊరికే స్టార్ట్ చేసి చూస్తే చాలదు, ఫ్యాన్లూ ఏరేటర్లూ అన్నీ వేసి గంటసేపు నడపాలి. చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామునే కనుక, పని రాత్రిలోకి సాగేలా ఉంటే డీజిల్ ఎక్కువగా ఉంచుకోండి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారుంటే సెక్షన్ ఆఫీసులో ముందే చెప్పి, సిలిండర్ తెచ్చిపెట్టుకోండి. ట్యాంకులు నింపుకోవడం, ఫోన్లు చార్జ్ చేసుకోవడం మీకు తెలిసినవే.

టన్నుల బరువున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను క్రేన్‌తో దించుతుంటే ఊరంతా చూడటానికి వస్తుంది. పిల్లల్ని అటు పంపకండి. పాత నూనె కోసం ఎవరైనా సీసా పట్టుకుని వెళ్తే ఆపండి. అది ఒంటికి పూసుకునేదీ కాదు, వంటకు వాడేదీ కాదు. కొన్ని పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీలు అనే విష రసాయనాలు కూడా ఉండవచ్చు.

కరెంటు వచ్చే ముందే అన్ని స్విచ్‌లూ కట్టేసి, ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచండి. అది కళ్లు చెదిరేలా వెలిగితే న్యూట్రల్ వైరు తెగి ఉండవచ్చు, మీ ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి. బల్బు మామూలుగా వెలిగితే పది నిమిషాలు చూసి ఫ్రిజ్, ఆ తర్వాత ఏసీ వేసుకోండి.

త్రీఫేజ్ వాళ్లకు ఇంకో చిక్కు. కొత్త కనెక్షన్లలో రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. పిండిమర అయితే కంటికి కనిపిస్తుంది. బోరులో మాత్రం తెలియదు, నీళ్లు సన్నగా వస్తాయంతే. స్టార్టర్‌లో రెండు వైర్లు మార్చితే సరిపోతుంది కదా అని తొందరపడకండి. ముందు పక్క చేలో అడగండి. అందరి మోటార్లూ వెనక్కి తిరుగుతుంటే తప్పు సబ్‌స్టేషన్‌లోనో, అక్కడి నుంచి వచ్చే లైను (ఫీడర్)లోనో ఉంది. మీరు ఇవాళ మార్చుకుని, వాళ్లు రేపు అక్కడ సరిచేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత కొన్ని వారాలు “కొత్తది పెట్టాక ఇంకా ఎక్కువగా పోతోంది” అన్న మాట వినిపించవచ్చు. అరిగిపోయిన పాత బ్రేకర్ పట్టించుకోని కొమ్మ రాపిడిని కొత్త రిలే (లైనులో లోపాన్ని గుర్తించే పరికరం) పసిగట్టి వెంటనే ట్రిప్ చేస్తుంది. తిట్టుకునే బదులు, మీ వీధిలో ఏ చెట్టు ఏ స్తంభం దగ్గర తీగకు తగులుతోందో, ఆ స్తంభం నంబరుతో సహా లైన్‌మన్‌కు చెప్పండి.