ట్రోమ్సో దాకా వెళ్లినా అరోరా కనపడలేదా?

నేనుండేది నార్వేలోని ట్రోమ్సోలో. చలికాలం వచ్చిందంటే, రాత్రి ఆకాశంలో వెలిగే అరోరా కాంతులు చూద్దామని వచ్చిన మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మూడు రాత్రులైంది, ఒక్క పచ్చ గీత కూడా లేదు. ఈరోజు కేపీ ఎంతుంది?" కేపీ అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడుతోందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె. నేను తిరిగి అడిగేది ఒక్కటే: తలెత్తితే చుక్కలు కనపడుతున్నాయా? సగం మంది దగ్గర జవాబుండదు. చూసేదంతా కేపీ చూపించే యాప్‌నే.

సమస్య: రాత్రంతా నిలబడ్డా ఏమీ లేదు

కారణం మబ్బు. అరోరా వెలిగేది దాదాపు వంద కిలోమీటర్లు, ఆ పైన. మబ్బులుండేది పది లోపే. కేపీ 9 ఉన్నా మబ్బు కింద నిలబడితే దక్కేది జలుబే. 2024 మేలో లద్దాఖ్‌లోని హన్లే కెమెరాలకు ఎర్రటి కాంతి చిక్కినప్పటి నుంచి, పెద్ద సౌర తుఫాను వస్తే తప్ప అరోరా రాదని చాలామంది నమ్ముతున్నారు. హన్లేకి అంత తుఫాను కావాలి. ట్రోమ్సో ఉన్నది ఉత్తర అక్షాంశం 69 డిగ్రీల పైన, ధ్రువం చుట్టూ అరోరా తరచూ వెలిగే వలయం కిందే. ఇక్కడ కేపీ 1, 2 చాలు.

పరిష్కారం: 'యర్' వాతావరణ సైట్లో మబ్బుల మ్యాపు చూసి, ఖాళీ ఎటుంటే అటు బండి తిప్పండి. తీరం మూసుకుపోతే ఈ8 రోడ్డు పట్టుకుని షిబోట్న్ వైపు రండి. సముద్రం నుంచి వచ్చే తేమను లింగెన్ కొండలు చాలావరకు ఆపేస్తాయి. అక్కడా కుదరకపోతే ఫిన్లాండ్‌లోని కిల్పిస్‌యార్వి. నార్వే, ఫిన్లాండ్ రెండూ షెంగెన్ దేశాలే, వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉంచుకోండి. అద్దె కారైతే సరిహద్దు దాటనిస్తారో లేదో ముందే అడగండి.

సమస్య: చుక్కలున్నాయి, అరోరా లేదు

నన్ను దెబ్బతీసింది ఇదే. వచ్చిన మొదటి అక్టోబరులో ఎర్స్‌ఫియోర్డ్‌బోట్న్ ఒడ్డున నిలబడ్డాను. ఈ కొండ నుంచి ఆ కొండకి, ఆరేసిన పాత పంచెలా పల్చగా ఒక తెల్లటి చార. "మబ్బొచ్చేసింది" అనుకుని అరగంటకే ఇంటికొచ్చేశాను. మర్నాడు ఆఫీసులో ఒకతను, అదే ఒడ్డున తీసిన ఫోటో చూపించాడు. అదే చార, పచ్చగా!

మసక వెలుగులో కంట్లో పనిచేసేవి దండాలు (రాడ్స్) అనే కణాలు. వాటికి రంగు తెలీదు. కెమెరా అయితే కొన్ని సెకన్ల వెలుగును పోగేసి రంగు చూపిస్తుంది. అందుకే బలం లేని అరోరా కంటికి బూడిద రంగు. ఫోటోల్లో పచ్చదనం చూసి వచ్చినవాళ్లు ఆ చార కిందే నిలబడి, అరోరా కోసం పక్కకి వెతుకుతుంటారు. పైగా కన్ను చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాలకోసారి యాప్ తెరిస్తే కథ మళ్లీ మొదటికే.

అనుమానం రాగానే ఫోన్‌ని రాయికి ఆనించి, నైట్ మోడ్‌లో 3 సెకన్లు తీయండి. పచ్చగా వస్తే అరోరాయే. ఊరి దీపాలు పడ్డ మబ్బైతే పసుపుగానో తెల్లగానో వస్తుంది. చారలోంచి చుక్కలు కనపడుతున్నాయా, అంచు కదులుతోందా అన్నదీ చూడండి.

పోయినేడు విజయవాడ నుంచి మా బాబాయి వచ్చాడు.

"బాబాయ్, అదే."

"అదా? మబ్బురా అది."

ఫోన్లో ఫోటో చూపించాను. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూస్తూనే ఉన్నాడు. ఈలోపు పైన చార విరిగి, తెరలా ఊగడం మొదలైంది. ఈసారి కంటికే పచ్చగా, కింది అంచు గులాబీగా. భుజం పట్టుకుని తల పైకెత్తించాల్సి వచ్చింది. ఆ బూడిద చార చాలాసార్లు మొదటి అంకమే. వదిలేసి వెళ్లకండి.

సమస్య: ఫోటోలు పాడవుతున్నాయి

మధ్యలో గుండ్రటి రింగులొస్తే లెన్స్ మీది యూవీ ఫిల్టర్ తీసేయండి. అరోరా పచ్చకాంతి దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం, 557.7 నానోమీటర్లు. అది ఫిల్టర్ గాజులో అటూ ఇటూ కొట్టుకుని రింగులు కడుతుంది. చుక్కలు మసగ్గా ఉంటే లెన్స్ మీది అనంతం గుర్తుని నమ్మకుండా, స్క్రీన్‌లో ఒక చుక్కని పెద్దది చేసి ఫోకస్ పెట్టండి. బ్యాటరీ చలికి చచ్చిపోతుంటే రెండోది లోపలి జేబులో. వెచ్చటి గదిలోకి వెళ్లే ముందు కెమెరాని సంచిలో మూసేస్తే చెమ్మ పట్టదు.

వెన్నెల ఎక్కువైందని, సౌర చక్రం (దాదాపు పదకొండేళ్లకోసారి సూర్యుడి చురుకు పెరిగి తగ్గడం) తగ్గిందని బుర్ర పాడుచేసుకోకండి, ట్రోమ్సోకి అవి పెద్ద లెక్క కాదు. జూన్‌కి టికెట్లు కొని ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. మే 20 నుంచి జులై 22 దాకా ఇక్కడ సూర్యుడే అస్తమించడు, అప్పుడు నేను మాత్రం ఏం చెయ్యను?