వ్యామ్ వేశాక పురుగు పెరిగిందా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

షాపులో వ్యామ్ అని ఇచ్చినా, మైకోరైజా అని ఇచ్చినా, కూరగాయల పైర్లకు వాడేది వేరు లోపల కాపురముండే శిలీంధ్రమే. మట్టిలోని భాస్వరాన్ని సన్నటి దారాలతో లాగి మొక్కకు ఇస్తుంది, బదులుగా మొక్క తయారు చేసుకున్న చక్కెరలు, కొవ్వులు తీసుకుంటుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఆకు గుణమే మారుతుందని, ఆకు తినే పురుగుకు అది ఒకలా, రసం పీల్చే పురుగుకు ఇంకోలా పనిచేస్తుందని, చివరికి వాటిని తినే మిత్ర పురుగుల దాకా దాని ప్రభావం పోతుందని ప్యాకెట్ మీద ఎవరూ రాయరు. కంప్లైంట్లన్నీ అక్కడి నుంచే.

సమస్య: మొక్క ఏపుగా ఉంది, కానీ పేనుబంక, ఎర్రనల్లి ఎక్కువయ్యాయి

ముందు యూరియా ఎంత వేశారో చూసుకోండి. నత్రజని ఎక్కువైతే వ్యామ్ ఉన్నా లేకపోయినా పేనుబంక వస్తుంది, ఆ నింద శిలీంధ్రం మీద వేయకండి.

యూరియా హద్దులోనే ఉందంటే మాత్రం వ్యామ్ పాత్ర ఉండొచ్చు. అప్పటిదాకా జరిగిన చాలా ప్రయోగాల్ని 2009లో కలిపి చూసినప్పుడు తేలింది ఏమిటంటే, రకరకాల పైర్ల మీద బతికే ఆకు తినే పురుగులు ఈ మొక్కల మీద సరిగ్గా ఎదగవు, రసం పీల్చేవి మాత్రం చాలాసార్లు ఇంకా బాగా పెరుగుతాయి. మొక్క బలంగా ఉంటే దాని రసమూ బలంగానే ఉంటుంది కదా.

ఇక్కడే కథ ఆపేస్తే వ్యామ్ మానేయాలనిపిస్తుంది. కానీ వియన్నాలో బీన్స్ మీద చేసిన ప్రయోగాలు చూడండి: వ్యామ్ ఉన్న మొక్కల మీద ఎర్రనల్లి నిజంగానే ఎక్కువ గుడ్లు పెట్టింది, అయితే ఆ నల్లిని తిని బతికే ఇంకో నల్లి కూడా అక్కడే ఇంకా బాగా పెరిగింది, పైగా దెబ్బతిన్న ఆకుల నుంచి వచ్చే వాసనలు మారి దాన్ని తమవైపు లాగాయి. టమాటాలో కూడా అంతే, పేనుబంకలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలకు వ్యామ్ ఉన్న మొక్కల వాసన ఎక్కువ నచ్చింది. అంటే శత్రువుకు మేత పెరిగినా, ఆ శత్రువుకు శత్రువు చేలో ఉంటే లెక్క సరిపోతుంది. మీరు వారం వారం సింథటిక్ పైరెత్రాయిడ్ (మంచీ చెడూ చూడకుండా అన్ని పురుగుల్నీ చంపే మందు) కొట్టి అక్షింతల పురుగుల్ని, కందిరీగల్ని చంపేస్తే వ్యామ్ లాభంలో సగం పేనుబంకకే పోతుంది.

పరిష్కారం: స్ప్రేయర్ ఎత్తే ముందు ఆకు తిప్పి చూడండి. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బిపోయి, గోధుమ రంగుకు తిరిగి, ఆకుకు అతుక్కుని కదలకుండా ఉన్నాయా? వాటి లోపల కందిరీగ పిల్ల ఉంది. వీపు మీద గుండ్రటి రంధ్రం ఉంటే అది అప్పటికే బయటికి పోయింది. ఇలాంటివి బాగా కనిపిస్తుంటే కొన్ని రోజులు ఆగండి, మరీ ఎక్కువగా ఉన్నచోట మాత్రం వేపనూనె కొట్టండి. కానీ ఈ ఓపిక అన్నిటికీ పనికిరాదు. మీ చుట్టుపక్కల వైరస్ తెగులు ఉంటే తెల్లదోమ, తామర పురుగు కనిపించాక ఆగొద్దు, జిగురు అట్టలు పెట్టండి, ముడుచుకుపోయిన మొక్కలు పీకేయండి.

సమస్య: వ్యామ్ వేశాం, ఏ తేడా లేదు

కారణాలు చాలా ఉంటాయి గానీ ఎక్కువసార్లు కనిపించేవి ఇవే.

పైరే తప్పు: క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలు, ముల్లంగి వేర్లలో ఈ శిలీంధ్రం కాపురం పెట్టదు. పాలకూర, తోటకూరలో కూడా దాదాపు అంతే. వీటికి కొన్న డబ్బు మట్టిపాలే.

ట్రైకోడెర్మా (తెగుళ్ల మీద వాడే ఇంకో మేలు చేసే శిలీంధ్రం) లాగా వాడటం: పశువుల ఎరువులో కలిపి నీడలో మాగబెడితే ట్రైకోడెర్మా పెరుగుతుంది, వ్యామ్ పెరగదు. దానికి బతికున్న వేరు కావాల్సిందే. అందుకే నారుమడిలోనే ఇవ్వాలి, మట్టితో కలిపి అమ్మే రకమైతే చదరపు మీటరుకు 100 గ్రాములు, విత్తనం కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతులో. నాటిన నెలకు పాదు పైన చల్లి నీళ్లు పెడితే వేరును వెతుక్కుంటూ పోదు.

డీఏపీ మోతాదు: భాస్వరం దండిగా దొరుకుతుంటే మొక్క శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ తగ్గించండి, తగ్గించే ఉద్దేశం లేకపోతే వ్యామ్ కొనకండి.

కార్బెండజిమ్: నారుకుళ్లు అని ఈ శిలీంధ్రనాశక మందును నేలకు పోస్తే చెడు శిలీంధ్రంతో పాటు ఇదీ దెబ్బతింటుంది.

అసలు వేరులోకి చేరిందా లేదా అన్నది కంటికి కనపడదు. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ల్యాబ్ ఉంటే సన్నటి వేర్లు కడిగి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మరిగించి, వెనిగర్‌లో కలిపిన ఫౌంటెన్ పెన్ ఇంకుతో రంగు పట్టించి మైక్రోస్కోప్‌లో చూస్తే, వేరు కణాల్లో చిన్న చెట్టు కొమ్మల్లా చీలిన ఆకారాలు కనిపిస్తాయి. అవి ఉంటే పని జరుగుతున్నట్టే.

సమస్య: శనగపచ్చ పురుగు మాత్రం పోలేదు

పోదు. వ్యామ్ పురుగుమందు కాదు. 2013లో చైనా పరిశోధకులు టమాటా మీద చేసిన పనిలో, వ్యామ్ ఉన్న మొక్క ఆకులు తిన్న శనగపచ్చ పురుగు సరిగ్గా బరువు పెరగలేదు, ఎందుకంటే పురుగు కొరకగానే ఆ మొక్క తన రక్షణను వేగంగా, గట్టిగా మొదలుపెట్టింది. పురుగు నీరసపడుతుంది, చావదు. లింగాకర్షక బుట్టలు, ట్రైకోగ్రామా కార్డులు (పురుగు గుడ్లను నాశనం చేసే చిన్న కందిరీగలవి), ఎన్‌పీవీ (పురుగుకు జబ్బు తెప్పించే వైరస్) ద్రావణం ఎప్పటిలాగే ఉండాల్సిందే.

మొక్కలు భూమిలోపల దారాలతో మాట్లాడుకుని చేను మొత్తాన్ని హెచ్చరిస్తాయని చెప్పి అమ్మేవాళ్లు కూడా తగులుతారు. బ్రిటన్‌లో బ్రాడ్ బీన్స్ మీద అలాంటి ఫలితం వచ్చిన మాట నిజమే: పేనుబంక పట్టిన మొక్కతో శిలీంధ్ర దారాల ద్వారా కలిసున్న పక్క మొక్క, తనకు పట్టకముందే పేనుబంకను తరిమే, కందిరీగల్ని పిలిచే వాసనలు విడిచింది. కానీ అది పట్టుమని పది మొక్కలు కూడా లేని కుండీల్లో సంగతి. దాన్ని చూపించి ఎకరం చేనుకు గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు.

సమస్య: ఆకుల మీద పాము పాకినట్టు తెల్లటి గీతలు, కందిరీగలు ఉన్నా తగ్గట్లేదు

ఈ గీతలు ఆకు లోపల తొలుచుకుంటూ పోయే చిన్న ఈగల పిల్లపురుగులవి. వాటిని చంపే కందిరీగల్లాంటి మిత్ర పురుగులకు వ్యామ్ ప్రతిసారీ కలిసి రాదు. ఇంగ్లండ్‌లో ఒక చేమంతి జాతి కలుపు మొక్క మీద చూసినప్పుడు, వ్యామ్ వల్ల మొక్క గుబురుగా పెరిగి, ఆకుల్లో దాక్కున్న పిల్లపురుగుల్ని కందిరీగలు వెతుక్కోలేక, వాటి దాడి తగ్గిన సందర్భాలున్నాయి. టమాటాను గుబురుగా వదలకుండా కట్టెలు పాతి పైకి కట్టండి, అడుగు ఆకులు గిల్లేయండి. మందు కొట్టాలా వద్దా తేలకపోతే గీతలున్న ఆకులు కొన్ని కోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టిన సీసాలో రెండు వారాలు ఉంచండి. ఎక్కువగా సన్నటి నల్ల కందిరీగలు బయటికొస్తే స్ప్రే ఆపండి, అన్నీ పసుపు నలుపు చిన్న ఈగలే అయితే వేప మందుతో మొదలుపెట్టండి.