గురి పాఠాలు – 4: పీప్ సైటు బిగించడం

గత పాఠంలో నిలబడే తీరు, చెంప ఆనించే తీరు చూశాం. పీప్ సైటంటే రైఫిల్ వెనక భాగం మీద బిగించి, చిన్న బెజ్జంలోంచి గురి చూసే పరికరం. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనే వరకు ఆ సైటు డబ్బా విప్పవద్దని చెప్పాను. ఓపిక పట్టినవారికి ఈ పాఠం. పట్టలేక ముందే బిగించేసినవారు విప్పి మళ్లీ మొదలుపెట్టండి. సిగ్గుపడనక్కరలేదు, నేనూ మొదటిసారి అదే చేశాను.

మన చేతిలో ఉన్నది 0.177 అంగుళాల, అంటే 4.5 మి.మీ. పెల్లెట్ కాల్చే ఎయిర్ రైఫిల్. శక్తి 20 జౌళ్లు దాటని ఇలాంటి వాటికి 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. ఒక పాఠకుడు మాత్రం తమ ఇంట్లో తాతగారి నాటి లైసెన్సు తుపాకీ ఉందని, గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరే రకమని, దానికీ పీప్ సైటు పెట్టవచ్చా అని అడిగారు. పెట్టవచ్చు. అలాంటి రైఫిళ్లకు గొట్టం వెనక కొస నుంచి చెక్కలోకి దిగే ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. సైటును దాని మీద నిలబెడతారు. అయితే అందుకు ఆ ఇనుముకు బెజ్జం వేసి మర తీయాలి. అది లైసెన్సున్న తుపాకీ మేస్త్రీ చేయవలసిన పని. ఆదివారం మధ్యాహ్నం పక్కింటి డ్రిల్లు అరువు తెచ్చుకుని చేసేది కాదు. పైగా మందు తుపాకీ పేలగానే వెనక్కి తంతుంది కాబట్టి కంటికి, సైటుకు మధ్య ఎడం ఎక్కువ ఉండాలి. కింది లెక్క మాత్రం దానికీ వర్తిస్తుంది.

ఆ లెక్కతోనే మొదలుపెడదాం. మన విశాఖ పెద జాలరిపేట నుంచి చేపల వేటకు వెళ్లేవారు సముద్రంలో తమ చోటును ఒడ్డును చూసి గుర్తుపడతారు. దగ్గరగా ఒక గుర్తు, దాని వెనక దూరంగా కొండ మీద మరో గుర్తు. రెండూ ఒకే వరుసలోకి వచ్చాయంటే పడవ ఆ గీత మీద ఉన్నట్టే. గుర్తుల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే గీత అంత నికరంగా తెలుస్తుంది. రైఫిల్ మీద వెనక బెజ్జం, ముందు వలయం ఆ రెండు గుర్తులు. నా రైఫిల్ మీద వాటి మధ్య 80 సెం.మీ. ఎడం. లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంది. పదిని 0.8తో భాగిస్తే 12.5. అంటే వెనక సైటు 0.1 మి.మీ. జరిగితే కాగితం మీద పెల్లెట్ 1.25 మి.మీ. జరుగుతుంది. మన లక్ష్యం కాగితం మీద ఒక్కో వలయం వెడల్పు 2.5 మి.మీ., నట్టనడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012లో లండన్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఇవే కొలతలున్న లక్ష్యం మీద. వెనక సైటు 0.2 మి.మీ. జరిగితే, అంటే రెండు జెరాక్సు కాగితాల మందమంత జరిగితే, ఒక పాయింటు పోయినట్టే. ఇప్పుడు స్క్రూ ఎంత బిగువుగా ఉండాలో నేను వేరే చెప్పనక్కరలేదు.

పనిలోకి వద్దాం. గదిలో పెల్లెట్ డబ్బా ఉండకూడదు. పెల్లెట్ పెట్టే చోటును మూసే బోల్టు తెరిచి ఉండాలి. గొట్టం గోడ వైపు ఉండాలి, గోడ అవతల మనుషులు ఉండకూడదు. రైఫిల్ ఖాళీదేనని తెలిసినా సరే.

రైఫిల్ వెనక భాగం పైన 11 మి.మీ. వెడల్పున గాడి పట్టాలు కనిపిస్తాయి. సైటు కాలు వాటిని కరచుకుని కూర్చుంటుంది. ముందు పాత నూలు గుడ్డకు చుక్క స్పిరిట్ అద్ది ఆ పట్టాలను తుడవండి. కొత్త రైఫిల్ అయినా ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. జిడ్డు మీద బిగించిన సైటు పదో పెల్లెట్‌కో, ఇరవయ్యో పెల్లెట్‌కో మెల్లగా పాకుతుంది. మనమేమో చేయి వణికిందని బాధపడుతూ ఉంటాం. సైటును పట్టాల మీదికి జరిపి, స్క్రూలు వేళ్లతో తిప్పగలిగినంత వదులుగా ఉంచండి.

ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. రైఫిల్ భుజానికెత్తి, కళ్లు మూసుకుని, అలవాటైన చోట చెంప ఆనించండి. రెండు సార్లు ఊపిరి వదలండి. అప్పుడు కళ్లు తెరవండి. బెజ్జంలోంచి, ముందు వలయం ఉండే గుండ్రని సైటు గొట్టం నిండుగా, చుట్టూ సమానంగా వెలుతురు అంచుతో కనిపించాలి. ఒక పక్క నల్లగా నెలవంకలా కమ్మితే మెడ చాచి సరిచేయవద్దు. మెడ అలాగే ఉంచి, చెంప కింది చెక్కను ఎత్తడమో దించడమో చేయండి. దృశ్యం చిన్నదిగా ఉంటే సైటును కంటి వైపు జరపండి. కనురెప్ప తగిలేటట్టు ఉంటే ముందుకు జరపండి. నాకు మూడు వేళ్ల ఎడం కుదిరింది. మీకు ఎంత కుదురుతుందో మీ మెడే చెబుతుంది. కళ్లు మూసి తెరిచిన ప్రతిసారీ, పదికి పదిసార్లు, అదే బొమ్మ కనిపించే దాకా ఈ పని వదలకండి. అరగంట పట్టవచ్చు. నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

కుదిరాక బిగించండి. ఒక స్క్రూ పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకూడదు. కాస్త ఇది, కాస్త అది. ఎలన్ కీ పొడుగు చేయి పట్టుకుని తిప్పితే బలం ఎక్కువై మర అరిగిపోతుంది. పొట్టి చేయి పట్టుకుంటే వేళ్ల బలమే చాలుతుంది. తరువాత గుమ్మానికి తాపీ మేస్త్రీలాగా గుండు కట్టిన దారం వేలాడదీసి, దాని ఎదుట రైఫిల్‌ను నిలువుగా నిలిపి, సైటు ఒక పక్కకు వాలిందేమో వెనక నుంచి చూడండి. వాలి ఉంటే ఎత్తు మార్చడానికి తిప్పిన ప్రతిసారీ పెల్లెట్ పక్కకు కూడా పోతుంది.

మన ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో గేటు గొళ్లాలు ఏమవుతాయో చూస్తూనే ఉన్నారు. సైటు స్క్రూ తల చుట్టూ సన్నని గోధుమరంగు గీత కనిపించిందంటే ఉప్పు పని మొదలుపెట్టినట్టే. నెలకోసారి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క అగ్గిపుల్ల కొసతో స్క్రూ తల మీద రాసి తుడిచేయండి. పట్టాలకు మాత్రం రాయవద్దు.

ఇప్పుడు మీటలు. ఎత్తుకు ఒకటి, పక్కకు ఒకటి ఉంటాయి. ముందు రెండింటినీ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగంలో ఆపండి. సూత్రం ఒక్కటే: పెల్లెట్ ఎటు పోవాలో వెనక సైటు అటు జరగాలి. అయితే మీట ఎటు తిప్పితే సైటు ఎటు జరుగుతుందనేది వేరే సంగతి. నా సైటు జర్మనీది. పై మీట మీద హెచ్, టి అని రెండు అక్షరాలు ఉన్నాయి. హెచ్ అంటే హై అనుకున్నాను. టి అంటే టాప్ అయి ఉండాలి కదా, మరి రెండూ పైకేనా అని కాసేపు తికమకపడి, చివరికి హెచ్ వైపు తిప్పాను. పెల్లెట్లు కిందే పడుతున్నాయి, పైకి తేవాలి కాబట్టి. ఇంకా కిందికి దిగాయి. మళ్లీ అటే తిప్పాను. ఈసారి కాగితమే దాటి వెనక ఉన్న అట్టకు తగిలాయి. జర్మన్‌లో హెచ్ అంటే హోఖ్, పైన. టి అంటే టీఫ్, కింద. తిరకాసు అంతటితో ఆగదు. ఆ సైట్ల మీద బాణం గుర్తు చెప్పేది ‘పెల్లెట్ పైన తగిలితే ఇటు తిప్పు’ అని, ‘ఇటు తిప్పితే పైకి పోతుంది’ అని కాదు. ఆర్, ఎల్ అక్షరాలదీ ఇదే తీరు. వేరే చోట తయారైన సైట్ల మీద దీనికి తలకిందులుగా ఉండవచ్చు. కనుక అక్షరాలను నమ్మకుండా ఒకసారి తిప్పి చూసి, మీ సైటు సంగతి మీరే కనిపెట్టి, చిన్న కాగితం మీద రాసి డబ్బా మూతకు అంటించండి.

ఈ వారం పని ఇది. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, కాగితం మధ్యకు గురిపెట్టి అయిదు పెల్లెట్లు కాల్చండి. అవి ఎక్కడ పడినా సరే, గుంపుగా పడితే చాలు. గుంపు నడుమ నుంచి చుక్కకు దూరం కొలవండి. తరువాత పక్క మీటను సరిగ్గా పది క్లిక్కులు ఒకే వైపు తిప్పి, మళ్లీ అయిదు కాల్చండి. రెండు గుంపుల మధ్య దూరాన్ని పదితో భాగిస్తే మీ సైటు ఒక్క క్లిక్కుకు ఎంత జరుపుతుందో తెలుస్తుంది. ఎత్తు మీటకూ ఇలాగే చేయండి. గుంపు చెదిరిపోతే క్లిక్కుల జోలికి పోకుండా ముందు స్క్రూలు, తరువాత చెంప చూసుకోండి.

ఆ కాగితాలు పారేయవద్దు. తేదీ, ఎండగా ఉందా మబ్బుగా ఉందా అన్నది వెనక రాసి దాచండి. వచ్చే పాఠంలో ముందు వలయం సైజు తేల్చేటప్పుడు అవే కావాలి.