చిన్ననాటి కోరికల చిట్టా: నేను చేసిన పొరపాటు, సరిదిద్దుకున్న తీరు

నలభై దాటాక ఒక ఆదివారం కూర్చుని చిన్నప్పటి కోరికలన్నీ డైరీలో రాశాను. 31 తేలాయి. ఏడాది గడిచినా ఒక్కదాని మీదా టిక్కు పడలేదు. డైరీ తెరిస్తేనే టెన్షన్.

తప్పెక్కడుందో అమ్మకు చదివి వినిపిస్తే తెలిసింది. "పైలట్ అవ్వాలన్నది మీ నాన్న కోరికరా. నువ్వు విమానం చప్పుడుకే మంచం కింద దూరేవాడివి" అంది. నిజమే. సగం నావి కానే కావు. కొన్ని అయితే మొన్నీమధ్య ఎవరి ఫొటోలో చూసి పుట్టినవి! అవన్నీ కొట్టేస్తే తొమ్మిది మిగిలాయి. ఒక్కోదాని పక్కన రెండే రాశాను: ఎంత ఖర్చు, ఏ నెల.

మొదటిది అరకు రైలు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ఆ లైన్లో అరకు వరకు బోలెడు సొరంగాలని మావయ్య చెప్పేవాడు. అవి లెక్కపెట్టాలని అప్పట్నుంచీ నా పంతం. కిటికీ పక్క సీటు పట్టాను. ఒక్కో సొరంగానికి కాగితం మీద ఒక గీత, ఐదు గీతలకో కట్ట. చీకటి పడ్డప్పుడల్లా బోగీలో పిల్లల కేకలు, ఈలలు. నేనూ ఒకసారి అరిచాను, ఎవరూ చూడలేదులెండి. బొర్రా గుహలు స్టేషన్ దాటాక వేరుశనక్కాయలకు చిల్లర వెతుకుతూ కొన్ని వదిలేశాను. లెక్క అక్కడే తప్పింది. టిక్కు మాత్రం పెట్టేశాను.

రెండోది ఈత. పక్కన మే అని రాసి, కొట్టేసి, జూన్ అని రాశాను.