కీబోర్డు మీది చిన్న గీతలు: వాటిని వేళ్లకు అలవాటు చేసుకునే పద్ధతి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో నేను టైపు నేర్పే గదికి కొత్తగా వచ్చినవారిని మొదటి రోజు కళ్లు మూసుకుని కీబోర్డును తడమమంటాను. వారిలో చాలామంది ఏళ్ల తరబడి కంప్యూటరు వాడినవారే అయినా, ఎఫ్, జే కీల అడుగు అంచున సన్నటి గీతలు లేచి ఉన్నాయన్న సంగతి అప్పుడే గమనిస్తారు. అవి బ్రెయిలీ అక్షరాలేమో అని అడిగేవారూ ఉన్నారు. అవి బ్రెయిలీ కావు. చూపు లేనివారికి ఎంతో ఉపకరించే మాట నిజమే గాని, పక్కనున్న కాగితం చూస్తూ టైపు చేసే ప్రతివారికీ అవే ఆనవాళ్లు.

ఎడమ చూపుడు వేలిని ఎఫ్ గీత మీద, కుడి చూపుడు వేలిని జే గీత మీద ఆనించండి. తక్కిన వేళ్లు ఎడమవైపు డీ, ఎస్, ఏ మీద, కుడివైపు కే, ఎల్, సెమీకోలన్ మీద వాటంతట అవే కుదురుకుంటాయి. బొటనవేళ్లు స్పేస్‌బార్ మీద ఉంటాయి. అక్షరాల వరకు చూస్తే తక్కిన వేళ్లకు ఒక్కొక్క నిలువు వరుసే అప్పగింత కాగా, చూపుడు వేలికి రెండు వరుసలు వస్తాయి. ఎడమ వేలు ఆర్, టీ, ఎఫ్, జీ, వీ, బీ అన్నింటినీ చుట్టి రావాలి. ఎక్కువ తిరిగే వేలికే ఇల్లు గుర్తుండాలి కదా. యాపిల్ సంస్థ పాత కీబోర్డుల్లో ఈ గుర్తులు మధ్యవేళ్ల కింది డీ, కే మీద ఉండేవి. నాకు మాత్రం చూపుడు వేలి పద్ధతే సబబనిపిస్తుంది.

భారతీయ భాషల కోసం రూపొందించిన కీల అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైపు చేసేవారికి ఈ గీతల విలువ ఇంకా తేటగా తెలుస్తుంది. అందులో హల్లులు ఎక్కువగా కుడిచేతికి, స్వరాలు ఎడమచేతికి వస్తాయి. జే మీద ర, ఎఫ్ మీద గుడి ఉంటాయి. గీతలున్న రెండు కీలనూ జే, ఎఫ్ వరుసలో నొక్కితే ‘రి’ పడుతుంది. రెండు చేతులూ ఒక్క కీ కుడికి జరిగాయనుకోండి, ‘వారికి’ అని కొట్టినది తెర మీద ‘లీకుతు’ అవుతుంది. తల ఎత్తి చూసేసరికి ఇలాంటి మాటలతో ఒక పేరా నిండిపోయి ఉంటుంది.

అందువల్ల సాధన అక్షరాలతో మొదలుపెట్టకండి. చేతులు ఒడిలో పెట్టుకుని, కిందికి చూడకుండా, స్పేస్‌బార్ వైపు నుంచి వేళ్లను పైకి జార్చి గీతలు తగలగానే ఆపండి. తడిమేటప్పుడు కీ నొక్కుకోకూడదు. ఇది తడుముకోకుండా వచ్చాక, టైపు చేస్తూ ప్రతి వాక్యం చివర చేతులు తీసి మళ్లీ ఇలాగే దించండి.

అంకెల భాగంలో గుర్తు 5 మీద ఉంటుంది, మధ్యవేలు అక్కడ నిలుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: కీబోర్డులో 5 పైన 8 ఉంటే, ఫోనులోనూ ఏటీఎంలోనూ 5 పైన 2 ఉంటుంది. ఏటీఎంలో ఎడమచేతిని అడ్డుపెట్టి పిన్ నొక్కేటప్పుడు ముందు 5 మీది బొడిపెను వెతికి, అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి.

వాడి వాడి గీత అరిగిపోతే కీబోర్డు మార్చనక్కర లేదు. పూర్ణామార్కెట్ ఫ్యాన్సీ దుకాణాల్లో దొరికే గోళ్లరంగు చాలు. కీని గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మన సముద్రపు గాలికి కీల మీద చేరిన జిడ్డు పోకపోతే రంగు పెచ్చులూడుతుంది. తరువాత అగ్గిపుల్ల కొనతో చిన్న చుక్క పెట్టి, ఆరాక దాని మీదే ఇంకో రెండుసార్లు పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే చుక్క పలచగానే ఉండాలి, లేకపోతే మూత మూసినప్పుడు అది తెరకు ఒరుసుకుంటుంది.