కాస్ పీఠభూమిలో పురుగుల్ని తినే మొక్కలు చూడాలంటే

మహారాష్ట్రలోని ఈ పీఠభూమికి సెప్టెంబరులో, పనిదినాన, పొద్దున్నే వెళ్లాలి. శని, ఆదివారాల రద్దీలో ఒక మొక్క దగ్గర నిమిషంసేపు కూర్చునే వీలుండదు. హైదరాబాద్ నుంచి పుణె, అక్కణ్నుంచి ఎస్టీ (అక్కడి ప్రభుత్వ) బస్సులో సుమారు 110 కిలోమీటర్లు సతారా, ఆపైన 25 కిలోమీటర్లు కాస్. రోజుకు ఇంతమందేనని పరిమితి ఉంది కాబట్టి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, మొదటి స్లాట్‌కే తీసుకోండి. పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, జారని బూట్లు, రెయిన్‌కోటు ఉంటే చాలు. గొడుగు వద్దు, ఆ గాలికి నిలవదు.

అసలు తిప్పలంతా మొక్కను కనిపెట్టడంలోనే. కాస్ వెళ్లి కూడా డ్రోసెరా, అంటే ఆకుల మీది జిగురుతో పురుగుల్ని పట్టే మొక్క, చూడకుండా తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే నిలబడి వెతుకుతారు. డ్రోసెరా బర్మాని నేలకు అంటుకుపోయిన ఎర్రటి చక్రం, రూపాయి బిళ్లంత. డ్రోసెరా ఇండికా సన్నటి ఆకులతో నిటారుగా లేస్తుంది, అయినా గడ్డిలో కలిసిపోతుంది. నీరు ఊరే రాతి మీద, పలచటి మట్టి ఉన్నచోట బాట అంచున ఆగండి. సూర్యుడికి ఎదురుగా గొంతుక్కూర్చుని, చూపు నేలకు వాలుగా పోనివ్వండి. ఎర్రగా మెరిసేవి కనిపిస్తే భూతద్దం పెట్టండి. మంచు బొట్టు ఆకు మీద ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. డ్రోసెరాకైతే ప్రతి నూగు కొసనా ఒక్కో జిగురు బొట్టు ఉంటుంది. ఎండెక్కి గడ్డి మీది మంచు ఆరాక కూడా ఈ బొట్లు ఉంటాయి. చీమో దోమో చిక్కిన ఆకు మీద నూగులు దానివైపు వంగి ఉంటాయి.

ఒకటి కనబడగానే ముందుకు అడుగెయ్యకండి. దాని చుట్టూ గోరంత పిల్లమొక్కలు ఉంటాయి, బూటు కింద పడితే మట్టితో సహా లేచిపోతాయి. వేలు పెట్టినా జిగురు పోయి ఆ ఆకు పురుగును పట్టలేదు. వీడియో కోసం చీమను పట్టి వెయ్యడం అసలు వద్దు. పెరికి ఇంటికి తెచ్చుకుంటే బతకదు: నత్రజని తక్కువున్న మట్టికి అలవాటుపడ్డ మొక్క, ఆ లోటు పురుగుల నుంచే తీర్చుకుంటుంది. కుండీలోని ఎరువు మట్టే దాన్ని చంపుతుంది.

కనబడకపోతే గైడును మరాఠీలో 'దవబిందు కుఠే ఆహే?' (మంచుబొట్టు ఎక్కడుంది?) అని అడగండి. అక్కడ దాని పేరు అదే. ఊదారంగు పూలు పరుచుకున్న చోటు సీతేచీ ఆసవ, అంటే సీత కన్నీళ్లు. అది యుట్రిక్యులేరియా. అదీ వేటగత్తే, కానీ పురుగుల్ని పట్టే ఉచ్చుబుడగలు మట్టిలో ఉంటాయి. తవ్వకుండా పువ్వు చూసి సంతోషించాలి. పురుగుల్ని కూజాలాంటి ఆకులో పడేసుకునే కూజా మొక్క మాత్రం ఇక్కడ వెతక్కండి, మన దేశంలో అది సహజంగా పెరిగేది ప్రధానంగా మేఘాలయలో.

పెద్ద వాన పడితే జిగురంతా కడుక్కుపోతుంది, ఆ పూట డ్రోసెరా మామూలు ఎర్రగడ్డిలా ఉంటుంది. అందుకే సతారాలో ఒక్క రాత్రి చాలదు, రెండు రాత్రులు బస పెట్టుకోండి.