ప్రొద్దుటూరులో బంగారు నాణెం కొనాలంటే ఏమేం చూసుకోవాలి?

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు బయలుదేరే ముందే ఒక సంగతి తేల్చుకోండి. కొనేది దాచుకోవడానికా, సేకరణకా? దాచుకోవడానికైతే బరువుకు తప్ప అందానికి డబ్బు పెట్టకూడదు. సేకరణకైతే నాణెం ఉన్న తీరును బట్టే ధర.

దాచుకోవడానికి 24 కేరట్ల నాణెం తీసుకోండి. ఆరోజు రేటు, మేకింగ్ చార్జీ, 3 శాతం జీఎస్టీ వేర్వేరుగా రాయించుకోండి. ఒక్కో గ్రాము చొప్పున పది కొంటే మేకింగ్ ఎక్కువ పడుతుంది, ఒకేసారి 10 గ్రాములది నయం. మళ్లీ అమ్మితే ఎంత కోత వేస్తారో డబ్బు కట్టకముందే అడగండి. బ్యాంకులు తాము అమ్మిన నాణేన్ని తిరిగి కొనవు. కొనుగోలు 2 లక్షలు దాటితే పాన్ కార్డు కావాలి. బిల్లు దాచండి, సీలు కవరు చింపకండి.

సేకరణ అంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది బ్రిటిష్ జార్జి రాజు బొమ్మ ఉన్న సవరను కాసు. బరువు 7.98 గ్రాములు, అడ్డం 22 మిల్లీమీటర్లు, 22 కేరట్లు. అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. 1918లో బొంబాయిలో అచ్చయిన కాసైతే గుర్రం బొమ్మ వైపు, సంవత్సరం అంకెలకు సరిగ్గా పైన, నేల గీత మీద చిన్న 'ఐ' అక్షరం ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి.

అసలుదో కాదో ఇంట్లోనే కొంతవరకు తెలుస్తుంది. 0.01 గ్రాము వరకు చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. కాసును సన్నటి దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అంటుకున్న గాలి బుడగలు పోయేలా కొంచెం ఆడించండి. త్రాసు 0.45, 0.46 దగ్గర ఆగాలి. అంతే బరువున్న ఇత్తడి బిళ్లైతే 0.9 దాటిపోతుంది. ఇందులో నెగ్గినా కేరట్ మీటర్ (ఎక్స్-రేతో బంగారం శాతం చూపే యంత్రం) పరీక్ష మానొద్దు. అది పైపొరను మాత్రమే చదువుతుంది కాబట్టి రెండూ కావాలి.

కాసును కుంకుడు రసంతో, చింతపండుతో తోమకండి. గీతలు పడితే సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు. మా జేజి కాసుకు దండలో గుచ్చడానికి ఎప్పుడో కొక్కెం అతికించారు. ముద్ర చెక్కు చెదరకపోయినా అంగట్లో దానికి బంగారం ధరే కట్టారు. మేము అమ్మలేదు.